బరువెత్తడం నేర్పి, నడక నేర్చుకున్న మేష్టరు

పోయిన నెల ఒక గురువారం ఉదయం దుకాణం షట్టరు సగం లేపి ఉండగా ఫోన్ మోగింది. గరిడీ మేష్టరు భార్య.

"అమ్మణ్ణీ, మీ మేష్టరు ఇంగ లేరు. రాత్రి సంగటి తిని పండుకున్నారు. తెల్లారి లేపితే లెయ్యల్యా," అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. షట్టరు అలాగే వదిలి బయలుదేరాను.

వాళ్ళ ఇల్లు రాబర్ట్‌సన్‌పేటలో మా బట్టల దుకాణానికి రెండు సందుల వెనక. నేను వెళ్ళేసరికి ఇరుగుపొరుగు ముగ్గురు వచ్చి ఉన్నారు. ఆయన్ని మంచం మీద నుంచి చాప మీదికి దించాలి. పెద్ద ఎముకల మనిషి. ఇంకొకరు కావాలని వీధిలోకి చూస్తున్నారు. మేష్టరమ్మ నా వైపు తిరిగి, "అమ్మణ్ణి పడతాది. ఆమెకి చేతనయితాది," అన్నారు. భుజాల వైపు నేనే పట్టుకున్నాను. డెబ్భై ఆరేళ్ళ వయసులోనూ ఆ భుజం కొయ్యలా గట్టిగా ఉంది. కుదుపు లేకుండా దించాము. పక్కింటి పెద్దాయన ఒకరు నన్ను ఆశ్చర్యంగా చూశారు. బట్టల దుకాణంలో కూర్చుని ఉండే ఆడమనిషికి ఇంత బలమేమిటని కాబోలు. ఆ బలం ఎక్కడిదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

గరిడీ అంటే మా కోలారు వైపు వ్యాయామశాల. మేష్టరు వయసులో ఉన్నప్పుడు బంగారు గనుల్లో పని చేశారు. భూమి లోపల సొరంగం పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. గనులు మూతపడ్డాక మార్కెట్టు వెనక రేకుల షెడ్డులో గరిడీ పెట్టారు. అందులో మెరిసే సామాను ఒక్కటీ లేదు. ముక్కలుగా కోసిన పాత పట్టాలు, ట్రాలీ చక్రాలు, డబ్బాల్లో సిమెంటు పోసి గట్టిపరిచిన దిమ్మలు. అద్దం కూడా లేదు. ఎవరైనా అడిగితే, "మొగం చూసుకునేదానికి ఇంట్లో అద్దం లేదాప్పా?" అనేవారు.

నాకు నలభై ఒకటో ఏట షుగరు వచ్చింది. బరువు తగ్గకపోతే మాత్రలతో ఆగదని డాక్టరు గట్టిగా చెప్పాడు. నేను నడక మొదలుపెట్టాను. తెల్లవారగానే ఊరిగాం రోడ్డు మీద గంటసేపు. ఆరు నెలల్లో పదకొండు కిలోలు తగ్గాను. దుకాణానికి వచ్చినవాళ్ళందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ తరువాత బరువు చూసే మిషన్ ముల్లు కదలడం మానేసింది. గంటను రెండు గంటలు చేశాను. రాత్రి భోజనం మానేశాను. జుట్టు రాలింది, మధ్యాహ్నమైతే కళ్ళు మూతలు పడేవి. అయినా ముల్లు కదలలేదు.

ఒకరోజు కొత్త చీరల మూట వచ్చింది. అలాంటి మూటను కాపురానికి వచ్చిన కొత్తలోనే నేను పై అరలోకి ఎక్కించేదాన్ని. ఆ రోజు ఛాతీ దాకా లేపగానే చేతులు వణికి మూట జారి కింద పడింది. తువాళ్ళు కొనడానికి వచ్చిన మేష్టరు చూస్తూ ఉన్నారు. అప్పటికి ఆయన నాకు ముఖపరిచయం మాత్రమే.

"ఏమ్మా, ఒళ్ళు బాగల్యా?"

"బాగానే ఉంది మేష్టరూ. పదకొండు కేజీలు తగ్గినాను," అన్నాను. గర్వంగానే చెప్పాను.

"తగ్గినావు, సరే. తగ్గింది కొవ్వా, కండా?"

నాకు అర్థం కాలేదు.

"మిషన్ మీద నిలబడితే ముల్లు ఒగటే కదా చూపిచ్చేది. పోయింది ఏదో అది చెప్పదు. ఈ మూట చెప్పింది, చూడు," అని తువాళ్ళు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆ మాట మీదే ఉన్నాను. మూడో రోజు నేనే వెతుక్కుంటూ వెళ్ళాను. గరిడీకి ఆడవాళ్ళు వెళ్ళడం అప్పటికి మా బజారులో ఎవరూ ఎరగరు. మా ఆయన ఒక పూట ఆలోచించి, "మేష్టరమ్మ ఉండే పొద్దులో పో," అన్నారు. అలా మధ్యాహ్నం మూడు గంటలు నా వేళ అయింది. గరిడీ ఖాళీగా ఉండేది. మేష్టరమ్మ గుమ్మంలో చాట పెట్టుకుని నానిన అనపగింజల తొక్క పితుకుతూ కూర్చునేవారు.

ఇనుము ఎత్తిస్తారనుకుని కొంగు దోపుకుని వెళ్ళాను. ఆయన ఒక ముక్కాలిపీట వేసి, "కూచో. చేతులు ఆనించకుండా లెయ్యి," అన్నారు. నాలుగోసారికే తొడలు మండాయి. రెండు వారాలు అదే పని. తరువాత సగం నీళ్ళ బకెట్టు, ఆ తరువాత నిండు బకెట్టు. ఇనుము నా చేతికి వచ్చేసరికి నెల దాటింది. నడుము వంచితే ఊరుకునేవారు కాదు. "బరువు దగ్గరికి నువ్వు దిగి పోవాల. దాన్ని నీ దగ్గరికి రమ్మంటే నడుము పట్టుకుంటాది," అనేవారు.

తిండి సంగతి అడిగితే రాత్రి తినడం లేదని చెప్పాను. ఆయన తిట్టిన ఒకే ఒక్క రోజు అది. "కడుపు మాడిస్తే కొవ్వు ఒగటే పోతాదనుకుంటివా? కండ కూడా దాంతోనే పోతాది. సంగటి ముద్ద చిన్నది చేసుకో, పప్పు పెద్దది చేసుకో." మేష్టరమ్మ ఆ సాయంత్రమే పితకపప్పు కూర గిన్నెలో పెట్టి పంపారు.

రెండు నెలల తరువాత మిషన్ ఎక్కి చూసుకుంటే కిలో పెరిగాను. ఏడుపు ఆపుకుంటూ గరిడీకి వెళ్ళాను. "ఇంగ నేను రాను మేష్టరూ. తగ్గాలని వస్తే పెరుగుతా ఉండాను."

ఆయన భార్యను పిలిచి, తాను గోడ వైపు తిరిగి నిలబడ్డారు. మేష్టరమ్మ నా జాకెట్టు నడుము దగ్గర వేళ్ళు దూర్చి చూశారు. నాలుగు వేళ్ళు పట్టాయి. "ఎప్పుడు కుట్టించింది?" అని అడిగారు. మొన్న పండక్కి. అప్పుడు హుక్కులు పెట్టుకోవడానికే కష్టమైంది. రోజూ టేపు పట్టుకుని ఊరందరికీ బట్ట కొలిచే దాన్ని, నన్ను నేను కొలుచుకోవాలని తోచనే లేదు.

గోడ వైపు తిరిగే ఆయన అడిగారు: "రేపు వస్తావా, రావా?"

వెళ్ళాను. గరిడీకి చేరినప్పుడు ఆపిన నడక కూడా కాస్త తిరిగి మొదలుపెట్టాను. అది మాత్రం ఆయనకు నచ్చలేదు. నడక మీద ఆయనకు చిన్నచూపు. "నడిచేది కూడా ఒగ కసరత్తా? సుమ్నే, ఊరికే కాళ్ళు అరిగేది తప్ప," అనేవారు. నేను వాదించేదాన్ని. నడిచిన నెలల్లోనే కదా షుగరు మొదట దిగింది. ఆయన వినేవారు కాదు.

అలా మూడేళ్ళు గడిచాయి. ఒకరోజు మేష్టరు, మేష్టరమ్మ మా దుకాణానికి వచ్చారు. పెళ్ళి రోజుకు ఆమెకు చీర కొనాలని. పట్టుచీరలు మేడ మీద. ఇరవై మెట్లు కూడా ఉండవు. సగం ఎక్కి ఆయన గోడ పట్టుకుని కూర్చుండిపోయారు. చొక్కా అంతా చెమట. ఆ ఉదయమే ఆయన పట్టా ముక్కను తల మీదికి ఎత్తడం గరిడీలో అందరూ చూశారు. అలాంటి మనిషి ఊపిరి అందక నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేను. మా ఆయన, నేను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాము. గుండె నాళంలో అడ్డు ఉందన్నారు. స్టెంటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పిన మొదటి మాట, రోజూ నడవమని.

ఆయన నడవలేదు. నెల రోజులు వాకిలి దాటలేదు. మేష్టరమ్మ దుకాణానికి వచ్చి నా చేయి పట్టుకున్నారు.

"నా మాట ఇనల్యా అమ్మణ్ణీ. గరిడీ మేష్టరు ముసలోళ్ళ మాదిరి వాకింగ్ పోతా ఉండాడని నగుతారంట. నువ్వే పిలవాల."

మరునాడు ఆరు గంటలకు వాళ్ళ వాకిట్లో నిలబడ్డాను. ఆయన కిటికీలో నుంచే, "నువ్వు పోమ్మా. నాకు పని ఉండాది," అన్నారు.

"నలభై దాటిన ఆడదాన్ని, ముక్కాలిపీట మీద లేసి కూచోవడం నేర్చుకున్నాను. నాకు సిగ్గు లేదా మేష్టరూ? మీ మీద నమ్మకంతో వచ్చినాను. నా మీద మీకు లేదా?"

కిటికీ రెక్క మూసుకుంది. తరువాత తలుపు తీసుకుని వచ్చారు. ఎండ కాసే రోజుల్లో మంకీ క్యాప్ కళ్ళ దాకా లాక్కుని! బజారు రోడ్డు వద్దని, గనుల మట్టి దిబ్బల పక్క దారి పట్టించారు. మొదటి రోజు మూడు కరెంటు స్తంభాలు నడిచి ఆగారు. నేనూ ఆగాను.

"ఇంతేనా నా బతుకు?" అన్నారు.

"నాకు నాలుగోసారికే తొడలు మండినాయి. మీరే కదా, స్వల్ప స్వల్పంగా అని చెప్పింది."

ఆయన నవ్వారు. స్టెంటు వేసిన తరువాత నేను చూసిన మొదటి నవ్వు అది.

మూడు స్తంభాలు ఐదయ్యాయి, పది అయ్యాయి. వానాకాలం వచ్చేసరికి అరగంట ఆగకుండా నడిచేవారు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే చాలని డాక్టరు చెప్పాడట, అందుకని దారంతా మాట్లాడేవారు. గని లోపల దుంగ నిలబెట్టేటప్పుడు కట్టె చేసే చప్పుడు గురించి, క్యాసంబళ్ళిలో వాళ్ళ అమ్మ విసిరిన రాగిపిండి గురించి. మంకీ క్యాప్ ఎప్పుడు మానేశారో నేను గమనించనేలేదు.

ఒక ఆదివారం ఆయన గరిడీలో అందరినీ నిలబెట్టారు. నన్నూ రమ్మన్నారు. ఇరవై మంది దాకా ఉంటారు, అందరూ ఆయన చేతి కింద కండలు పెంచుకున్నవాళ్ళే. అప్పుడు ఆయన అన్న మాటలు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

"ఇన్నేండ్లు మీకు సగమే చెప్పినానప్పా. బరువు ఎత్తితే కండ నిలస్తాది, అది నిజమే. గుండె కూడా కండే అనేది నాకు తోచల్యా. దానికి నడకే కసరత్తు. ఈ అమ్మణ్ణి చెప్తా ఉంటే ఇనల్యా. రేపట్నుంచి ఎవురొచ్చినా ముందు బయట తిరిగి రండి, ఆమీన లోపల ఇనుము ముట్టండి."

అంత పేరున్న మనిషి, తన దగ్గర నేర్చుకున్నవాళ్ళ ఎదుట, తలవంచుకోకుండా, గొంతు తగ్గించకుండా తప్పు చెప్పుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నాకు బరువెత్తడం నేర్పినందుకు ఆయనంటే కృతజ్ఞత ఉండేది. ఆ రోజు నుంచి గౌరవం వేరే రకంగా మారింది.

అసలు బరువు తగ్గాలంటే ఏది మంచిది, నడకా, ఇనుమా అని దుకాణంలో ఆడవాళ్ళు నన్ను అడుగుతూ ఉండేవాళ్ళు. ఒకసారి ఆయన్నే అడిగాను.

"నడక కొవ్వును కరగబెడతాది. ఇనుము కండను పోనియ్యదు. ముద్ద పెద్దదైతే రెండూ కలిసినా ఏం చెయ్యలేవు," అన్నారు. తరువాత కొంచెం ఆలోచించి, "అయినా ముందు వాళ్ళు యాడికైనా స్వల్ప కదలనీ. మిగతాది ఆమీన చూద్దాము," అన్నారు. ఇప్పుడు నన్ను ఎవరడిగినా అదే చెబుతున్నాను. మధ్యాహ్నం మూడు గంటలకు గరిడీలో ఇప్పుడు ఆరుగురు ఆడవాళ్ళం. నా షుగరు ఒక్క మాత్రతో సరిపోతోంది. పోయిన బరువులో మూడు కిలోలు తిరిగి వచ్చాయి, వాటితో నాకు తగాదా లేదు.

స్టెంటు వేసిన తరువాత ఆయన ఆరేళ్ళు నడిచారు. ఆయన పోయిన పదకొండో రోజున మేష్టరమ్మ నాతో, "ఆ ఆరేండ్లు నాకు మిగిలిచ్చింది నువ్వే," అన్నారు. కాదన్నాను. ఆమె వినలేదు. వాకిలి మెట్టు మీద ఇద్దరం చాలాసేపు కూర్చున్నాము. ఆమె నవ్వుతూనే ఆయన పిసినారితనాలు, పంతాలు చెప్పుకొచ్చారు. నేనూ నవ్వాను.

ఆయనతో చివరిసారి నడిచింది పోవడానికి నాలుగు రోజుల ముందు. దిబ్బల మీద మంచు ఇంకా విడలేదు. మా ముందు ఒకాయన, భారీ మనిషి, ఎవరో మాకు తెలియదు, కొత్త బూట్లు వేసుకుని ఆయాసపడుతూ పరుగులాంటి నడక నడుస్తున్నారు. రెండడుగులకోసారి తూలుతున్నారు. మేష్టరు నన్ను వదిలి గబగబా వెళ్ళి ఆయన పక్కకు చేరారు.

"మెల్లిగ నడువప్పా. యెవురూ తరమల్యా," అన్నారు.

నేను వాళ్ళను దాటి ముందుకు పోయాను. మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరూ చాలా వెనక ఉన్నారు. మేష్టరు చేయి ఆ కొత్త మనిషి వీపు మీద ఉంది. ఏదో చెబుతున్నారు. అవతలాయన తలాడిస్తున్నారు. ఇద్దరి నోళ్ళలో నుంచీ ఆవిరి లేచి మంచులో కలుస్తోంది. వాళ్ళు నా దాకా రావడానికి చాలాసేపు పట్టేటట్టు ఉంది. నేను అక్కడే నిలబడ్డాను.