మెరుపక్కను మళ్ళీ ఎగరనిచ్చిన మేడం

మా కుట్టు మేడం పోయింది. మొన్న ఆదివారం పొద్దున, నాతో హాస్టల్లో చదివిన జోగమ్మ ఫోన్ చేసి ఆ ఒక్క మాట చెప్పి ఏడ్చింది. కిడ్నీల జబ్బు. నలభై ఏళ్ళు కూడా నిండలేదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న మా ఆడపిల్లల హాస్టల్లో కుట్టుపని నేర్పేది. ఖమ్మంలో బట్టల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం వాళ్ళది. మా దిక్కు రావడానికి అందరూ వెనకాడే రోజుల్లో, బుర్ఖా అంచు నడుముకు దోపుకుని, కుట్టుమిషను తనే పట్టుకుని బస్సు దిగింది.

కాజాలు కుట్టమంటే మాకు విసుగు. ఒక శనివారం టీవీలో ఎగిరే హీరోల గురించి గుసగుసలాడుకుంటుంటే విని, "ఎగిరేటోళ్ళంతా పట్నంలనే పుట్టాల్నా ఏంది?" అన్నది. ఆ రోజే మేడం చెప్పిన కథలో మెరుపక్క పుట్టింది. మా ఈడు పిల్ల. పిడుగు పడ్డ ఇప్పచెట్టును ముట్టుకుంటే ఎగిరే శక్తి వచ్చింది. టీవీ హీరోల్లాగా వీపు మీద దుప్పటి ఉండాలని మేం పట్టుబడితే, "తుమ్మముళ్ళకు చిక్కితే ఎవరు ఇడిపిస్తరే?" అని నవ్వించింది. మెరుపక్క ఎవరినీ ఎదురుపడగానే కొట్టేది కాదు. "బలమున్నోళ్ళు ముందుగాల ఏమైందని అడగాలె. కొట్టుడు ఎప్పుడైనా కొట్టొచ్చు" అనేది మేడం, పంటితో దారం కొరుకుతూ.

జోగమ్మ వాళ్ళ అక్క ముత్తమ్మ నా పక్కనే కూర్చునేది. "మేడం, పైకెల్లి చూస్తే మా ఊరు ఎట్ల కనిపిస్తది?" అని ప్రతిసారీ అడిగేది. మేడం ప్రతిసారీ కొత్తగా చెప్పేది.

ఆ వానాకాలం ముత్తమ్మకు జ్వరం వచ్చింది. మూడోపూటకు మనిషిని గుర్తుపట్టడం మానేసింది. వాగు పొంగి బస్సులు బంద్. మేడం ముత్తమ్మను చీరతో వీపుకు కట్టుకుంది. ఊరి మొగోళ్ళు కట్టిన తాడు పట్టుకుని, ఛాతీలోతు నీళ్ళలో వాగు దాటింది. అవతలి ఒడ్డెక్కి చెయ్యి ఊపితే మేం ఎగిరి గంతులేశాం.

దవాఖానా చేరకముందే, ఆమె వీపు మీదనే ముత్తమ్మ పోయిందని మర్నాడు తెలిసింది.

ఆ తర్వాత కథ చెప్పమని ఎవరం అడగలేదు. ఆమే మొదలుపెట్టింది. కానీ మెరుపక్క ఇప్పుడు నడుస్తోంది. మరుసటి శనివారమూ నడిచింది. ఎందుకు ఎగరతలేదని నేనే అడిగాను.

"శక్తి పోయిందే. ఎన్నాళ్ళని మీకు అబద్ధం చెప్పాలె?"

అక్క పోయినప్పటి నుంచి నోరు విప్పని జోగమ్మ వెనక నుంచి లేచింది. "మా అక్కకు ఎగురుడే ఇష్టం మేడం. ఎగరనియ్యున్రి."

మేడం సూది కింద పెట్టింది. జోగమ్మను ఒళ్ళోకి లాక్కుని వెక్కివెక్కి ఏడ్చింది. కళ్ళు తుడుచుకోకుండానే మెరుపక్కను లేపింది. వాగు మీదుగా, ఇప్పచెట్ల మీదుగా, గోదావరి దాటి పర్ణశాల దాకా తిప్పింది. తిరిగొచ్చేటప్పుడు ముత్తమ్మ వాళ్ళ ఊరి మీద ఆపి, గుడిసె గుడిసె పేరుపేరునా చూపించింది. "నేల మీద నాతోటి కాలే. కథలనన్న కానియ్యి" అన్నది, మాతో కాదు, ఎవరితోనో.

ఇప్పుడు జోగమ్మ నర్సు కోర్సు చదువుతోంది. చివరి నెలల్లో మేడం దగ్గర ఎక్కువగా ఉన్నది ఆమే. నేను చూడబోయిన రోజు జోగమ్మ ఆమె ఉబ్బిన కాళ్ళు ఒత్తుతూ, "మెరుపక్క పెండ్లి చేసుకున్నదా మేడం?" అని అడిగింది.

"దానికేడ తీరికే!" అని నవ్వింది. నవ్వుకే ఆయాసం వచ్చింది.

ఖననానికి మొగవాళ్ళు వెళ్ళిపోయాక మేం మేడం ఇంట్లోనే ఆడవాళ్ళతో కూర్చున్నాం. హాస్టల్ పిల్లలు బస్సు దిగి ఒక్కొక్కరే వస్తున్నారు. మేడం వాళ్ళమ్మ దర్వాజ పక్కనే కూర్చుంది. చూపు సరిగా ఆనదు. వచ్చిన ప్రతి పిల్ల ముఖం రెండు చేతులతో తడిమి, "నువ్వు ఏ ఊరు బిడ్డా?" అని అడుగుతోంది. ఊరి పేరు చెప్పగానే, "అవ్, చెప్పింది... నీ గురించి గూడ చెప్పింది" అంటూ ఆ చేతులు తియ్యకుండా అట్లాగే పట్టుకుంటోంది.