లేని జలపాతం గీసిన మోహేయి

మోహేయి ఎడో నగరం పొలిమేర దాటి ఎరగడు. అయినా దేశంలోని రహదారులన్నీ ఆయన కుంచె కిందనుంచే పోయేవి. పాత యాత్రాపుస్తకాలు ముందేసుకుని, టీ తాగుతూ, కూర్చున్నచోటే యాభై మజిలీలు తిరిగొచ్చేవాడు. ఆయన గీసింది అచ్చుకోసం చెక్కమీద చెక్కేవాణ్ణి నేను.

ఒకసారి నుకాసావా అనే కొండ మజిలీ గీస్తూ, కుడిమూల వెలితిగా ఉందని అక్కడో జలపాతం పెట్టాడు.

"అక్కడ నీళ్లు పడతాయా గురువుగారూ?" అన్నాను.

"పడకపోతే అది కొండ తప్పు. నువ్వు చెక్కు."

బొమ్మ తెగ అమ్ముడుపోయింది. ఆర్నెల్లు తిరక్కుండానే, ఆ మజిలీలో సత్రం నడిపే షిగే అనే ఆవిడ ఐదురోజులు నడిచి, గడ్డిచెప్పులు అరగ్గొట్టుకుని మా గుమ్మంలోకి వచ్చిపడింది.

"జలపాతమేదని జనం మా ప్రాణాలు తోడేస్తున్నారయ్యా! మేమే దాచేశామంటున్నారు! మొన్నొకాయన దొడ్డిగోడెక్కి మరీ వెతికాడు, నేను స్నానం చేస్తుంటే!"

"దృశ్యం బాగుందన్నాడా?" అని మోహేయి నవ్వాడు.

ఆయన భార్య మాత్రం నవ్వలేదు. మూట కట్టి ఆయన చేతిలో పెట్టింది.

"వెళ్లి జవాబు చెప్పుకోండి. ముప్పై ఏళ్లు పిరుదులతో ఊళ్లు తిరిగారు, ఈసారి కాళ్లతో తిరగండి."

తోడుగా నన్నూ పంపింది. రెండోరోజుకే ఆయన పాదాలు బొబ్బలెక్కాయి. నుకాసావా చేరాక కొండను చూసి మొహం చిట్లించి, "ఇది తప్పుచోట ఉంది," అన్నాడు.

సత్రం ముందు యాత్రికులు చుట్టుముట్టారు. ఒక ముసలాయన బొమ్మను ఆయన ముక్కుకు ఆనించినంత పని చేశాడు. "గీసింది తమరేగా? ఏదీ జలపాతం?"

నిజం చెబుతాడేమోనని చూశాను. ఆయన గొంతు సవరించుకుని, "ఎండిపోయింది," అన్నాడు.

యాత్రికులు ఆ బోడికొండకు దణ్ణం పెట్టారు. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. షిగే తిట్టబోయి, వాళ్ల మొహాలు చూసి మాట మార్చింది.

"అయ్యో పాపం, అంత దుఃఖంలో ఖాళీ కడుపుతో పోతారా? వేడివేడి సోబా ఉంది, లోపలికి రండి!"

ఇంటికొచ్చాక మోహేయి మొదటిసారి చూసింది చూసినట్టు గీశాడు. బోడికొండ, ఆరగట్టిన ముల్లంగులు, సత్రం మెట్టుమీద కూర్చుని బొబ్బలు ఊదుకుంటున్న లావుపాటి మనిషి. ఆ మనిషి ఆయనే. అంత మంచి బొమ్మ ఆయన చేతినుంచి రావడం నేనెన్నడూ చూడలేదు.

అచ్చువేయించే దుకాణదారు పెదవి విరిచాడు. "చూడ్డానికేముందండీ ఇందులో?"

మోహేయి కుంచె అందుకుని, బొమ్మలో తను కూర్చున్నచోట నిండుగా పూసిన చెర్రీ చెట్టు పెట్టేశాడు. ఆ పూలన్నీ నేనే చెక్కాను.

ఈసారి షిగే మా మీదికి రాలేదు. బొమ్మ చూసిన మర్నాడే మెట్టు పక్కన చెర్రీ మొక్క నాటించిందట.