మూసిన గేటు ముందు బేరం

అమెరికాలోని హెర్న్‌డన్ నుంచి యూరప్ వెళ్లి, అద్దె కారులో టెంట్ వేసుకుని తిరుగుతున్నాం. ఆస్ట్రియా కొండల్లో ఒక క్యాంప్‌సైట్ చేరేసరికి ఒంటిగంట దాటి ఐదు నిమిషాలైంది. గేటు మూసేశారు. మూడింటిదాకా విశ్రాంతి వేళట, కార్లు రాకూడదట. ఆ రాత్రి పడుకోవడానికి దగ్గర్లో ఇంకో చోటు లేదు.

లోపల కుర్చీలో ఓ పెద్దావిడ స్వెట్టర్ అల్లుకుంటోంది. చీరాలలో మా నాన్న బట్టల కొట్లో పెరిగినవాణ్ని, ఊరుకుంటానా?

“ఒకటిన్నరకి తీయండి.”

“మూడు.”

“పోనీ, రెండు. పిల్లలున్నారండీ.”

ఆవిడ లోపలికెళ్లి, కేకు తెచ్చి, గేటు కమ్మీల సందులోంచి పిల్లలకిచ్చింది. “మూడు,” అంది మళ్లీ.

మూడింటికి ఐదు నిమిషాలుందనగా ఆఖరి ప్రయత్నం చేశాను. “ఇప్పుడు మనం స్నేహితులం కదా!”

“స్నేహితులకీ మూడే.”

సరిగ్గా మూడింటికి గేటు తీసింది. కారు స్టార్ట్ చేశాను. చెయ్యి అడ్డంపెట్టింది.

“టెంట్‌కి చోటు లేదు. పొద్దున్నే నిండిపోయింది.”

“ముందే చెప్పొచ్చుగా!”

“మీరు గేటు గురించే అడిగారు.”

వెనక సీట్లోంచి మా ఆవిడ అంది: “కొట్టువాళ్లబ్బాయని చేసుకున్నాను. సరుకుందో లేదో అడక్కుండా రెండు గంటలు బేరమాడారా?”