అసలుది పదిన్నరకు

తిరుపతికి యాభై ఎనిమిదేళ్ళు. అందులో పంతొమ్మిదేళ్ళు ఎదుటివాళ్ళను ప్రశ్నలడగడంలోనే గడిచిపోయాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మీద, లిఫ్టు ఆగే అంతస్తుకు ఇంకో అంతస్తు పైన ఉంటుంది ఆ చిన్న రేడియో స్టేషన్. ఎల్బీ నగర్, చంపాపేట్ దాటితే దాని మాట వినపడదు. పొద్దున పది నుంచి పదకొండు దాకా ‘ముచ్చట’ కార్యక్రమం అతనిది. పాములు పట్టేవాడు, పళ్ళ డాక్టరు, శవాలబండి డ్రైవరు, పెళ్ళిళ్ళకు సన్నాయి ఊదే ముసలాయన, అందరూ ఆ బల్లకు అవతల కూర్చున్నవాళ్ళే.

తుర్కయంజాల్‌లో బస్సెక్కి, ఎల్బీ నగర్‌లో మెట్రోకి మారి, మూడో స్టేషన్లో దిగేసరికే అతనికి సగం ఓపిక అయిపోయేది. మిగిలిన సగం మెట్లు తినేసేవి.

“రేడియోల ఊరందరి కష్టసుఖాలు అడుగుతవ్. ఇంటికొస్తె బెల్లంగొట్టిన రాయివే” అనేది భార్య విజయశ్రీ.

తిరుపతి నవ్వి ఊరుకునేవాడు. ఇంట్లో అడగడానికి అతని దగ్గర ప్రశ్నలు మిగిలేవి కావు.

ఈ పనిలో అతన్ని అన్నిటికన్నా అలసిపోయేలా చేసింది మైకు. దాని ముందు మనుషులు మారిపోతారు. కింద టీ బండి దగ్గర “గా పాము నా చెయ్యి మీదికే వచ్చింది అన్నా, జర్రంతల తప్పింది” అని కళ్ళు పెద్దవి చేసి చెప్పినవాడు, మాటలు బయటికి వెళ్తున్నాయని చెప్పే ఎర్రదీపం వెలగగానే “సర్పములు మానవులకు మిత్రులు” అంటాడు. గంటసేపు అదే పాఠం. అందుకని తిరుపతి ఒక ఉపాయం కనిపెట్టాడు. గదిలోని ఎర్రదీపం, గోడ గడియారం తీయించాడు. స్వాగతం మాటలు ముందురోజే రికార్డు చేసి పెట్టుకునేవాడు. సరిగ్గా పదింటికి అతిథిని కూర్చోబెట్టి, “లైన్ల ఏదో ఇబ్బంది ఉంది, అసలుది పదిన్నరకు. అందాంక ఊకె ట్రయల్ చూద్దాం” అనేవాడు. ఆ ట్రయలే ఊరంతటికీ వినపడేది. చివర్లో పాట వేసి నిజం చెబితే వాళ్ళు నోరు తెరిచి, తర్వాత పడీపడీ నవ్వేవాళ్ళు. ఇన్నేళ్ళలో కోపం తెచ్చుకున్నవాళ్ళు లేరు.

ఆ మంగళవారం అండాలమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. నల్లగొండ వైపు నుంచి వచ్చి, భర్త గోపయ్యతో కలిసి కోచింగ్ పిల్లలకు ముప్పై ఏళ్ళుగా మెస్సు నడుపుతోంది. రెండు సందుల అవతలే. వంట గోపయ్యది, వడ్డన ఆమెది.

“ఎంతమంది తింటరమ్మా పూటకు?”

“నూటిరవై. పరీక్షలప్పుడైతె సగం గూడ తినరు, భయానికి. ఫలితాలొచ్చినంక మళ్ళ సగం మంది తినరు సారూ, బాధకు.”

తిరుపతి నవ్వాడు. చాలా రోజుల తర్వాత నిజంగా నవ్వాడు. గోపయ్య పప్పు గురించి అడిగాడు. ఆ పప్పు కోసమే పిల్లలు వేరే మెస్సులు వదిలి వస్తారని పేరు.

అండాలమ్మ మైకు వంక అనుమానంగా చూసింది. “ఇది ట్రయలే గద?”

“ట్రయలేనమ్మా.”

“ఐతె ఇను. గా కరోనా జ్వరమొచ్చినప్పటి సంది ఆయనకు నాల్కె మీద రుచి లేదు. ఉప్పు తెల్వది, పులుపు తెల్వది. జ్వరం పోయింది, రుచి మాత్రం రాలె. ఒకనాడు ఉప్పే ఉండది, ఒకనాడు రెండింతలుంటది.”

మైకు నోరు మూసే మీట తిరుపతి వేలికిందే ఉంది. కిందికి లాగితే చాలు, పాట వేసుకోవచ్చు. ఎన్నో జీవం లేని జవాబులు విని ఎండిపోయిన చెవికి ఈ మాట నీళ్ళలా తగిలింది. వేలు తీసేసి ముందుకు వంగాడు.

“మరెట్ల నడుపుతున్నరు?”

“ఆయన స్నానానికి పోంగనె నేను సరిజేస్త. ఎక్కువైతె ఇంకింత పప్పుడకేసి కలుపుత. పోరగాండ్లు ‘పెదనాయినా, నీ చెయ్యే చెయ్యి’ అంటె మురుస్తడు. ఎందుకు జెప్పాలె? గంతటి వంటమనిషి.” ఆమె చెంగుతో ముక్కు తుడుచుకుంది. “అసల్దాంట్ల గిది అడగకు సారూ. ఆయన రేడియో ముంగటే కూసున్నడు.”

పదకొండుకు పాట వేసి, తిరుపతి మామూలుగా చెప్పవలసిన మాట చెప్పాడు.

“అమ్మా, ఇదే అసలుది.”

“ఏది?”

“ఇప్పటిదాంక మాట్లాడింది.”

అండాలమ్మ నవ్వబోయి ఆగింది. “ఉప్పు ముచ్చట గూడనా?”

అతను తలవంచుకున్నాడు. ఆమె చెప్పులు తొడుక్కుని మెట్లవైపు నడిచింది. స్టేషన్ నడిపే శ్రీకర్ లోపలికొచ్చి, “అదిరిపోయిందండీ తిరుపతి గారూ! ఫోన్లు ఆగట్లేదు” అన్నాడు. తిరుపతి అతన్ని తప్పించుకుని ఆమె వెనకే వెళ్ళాడు.

మెస్సులో పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. గోపయ్య పొయ్యి దగ్గర లేడు. పిల్లలు తినే బెంచీ మీద, భుజం మీది తువ్వాల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అండాలమ్మ పప్పు రుచి చూసి ఉప్పుడబ్బా తీసుకుంది, మొదటిసారి అతని కళ్ళ ముందే.

“తప్పంత నాదే అన్నా. ట్రయలని అబద్ధం జెప్పింది నేనే” అన్నాడు తిరుపతి.

గోపయ్య తలెత్తాడు. “నడుమల ఆపొచ్చునా?”

“ఆపొచ్చు.”

“మరి?”

జవాబు కోసం ఎదుటివాడు చూసే చూపు ఎంత బరువో తిరుపతికి తెలిసింది.

“నా బాధ సూడలేక ఆమె నాలుగేండ్లు దాసింది” అన్నాడు గోపయ్య. “నువ్వు ఇనసొంపుగ ఉందని ఊరందరికి ఇనిపిచ్చినవ్. పో సారూ. పోరగాండ్లు అన్నానికొచ్చే యాళ్ళయింది. వాళ్ళ ముంగట కూసోవాలె ఇగ నేను.”

మర్నాడు అతిథి బాల్‌రాజ్. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఊళ్ళ పేర్లు కేకేసి జనాన్ని బస్సులెక్కించేవాడు. టీ బండి దగ్గర అతను ఒక్క కేక వేస్తే రోడ్డవతలివాళ్ళు తిరిగి చూశారు. పైకొచ్చాక తిరుపతి కుర్చీ చూపించి చెప్పాడు. “బాల్‌రాజన్నా, పదింటికే మొదలు. ట్రయల్ లేదు. నువ్వేమన్నా ఊరంత ఇంటది.”

బాల్‌రాజ్ అంగీ గుండీ పెట్టుకుని, జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

“నా పేరు బాల్‌రాజ్. నేను ప్రయాణికులకు సేవ చేయుచున్నాను.”

అద్దం అవతల నుంచి శ్రీకర్ చేతులూపుతున్నాడు, ఇదేంటన్నట్టు. తిరుపతి చూడనట్టే ఉండి, “ఎన్ని సంవత్సరాల నుంచి చేస్తున్నారు?” అని అడిగాడు. బాల్‌రాజ్ కాగితం మీద వేలు పెట్టి ఆ జవాబున్న వరుస వెతుక్కుంటున్నాడు. పది దాటి రెండు నిమిషాలే అయింది.