నేనే అతికించిన స్క్రూ

2004, మే నెల. తిరుపతి రైల్వే స్టేషన్ వెనక సందులో నాది ఆరడుగుల వెడల్పు అంగడి. రేడియోలు, టేప్ రికార్డర్లు, గోడ గడియారాలు బాగుచేసేవాడిని. అప్పటికి రెండు మూడేళ్లుగా రిమోట్ బొమ్మ కార్లు కూడా వస్తున్నాయి. గల్ఫ్ నుంచి వచ్చిన బంధువులు వాటిని పిల్లలకిచ్చి వెళ్లేవారు. నెల తిరక్కుండా అవి నా బల్ల మీదికి చేరేవి.

మా నాయనది స్టీలు సామాన్ల అంగడి. బేరానికి వచ్చినవాడు మెట్టు దిగి మూడడుగులు వేసేదాకా ధర తగ్గించకూడదని, నాలుగో అడుగు మాత్రం వేయనివ్వకూడదని ఆయన నాకు పలక పట్టకముందే నేర్పారు. ఆ చదువు నా రిపేరు పనిలోకీ వచ్చింది. పని అయ్యాక బ్యాటరీ మూత బిగించేటప్పుడు, క్షణంలో అతుక్కునే గమ్ము ఒక చుక్క స్క్రూ మరలకి పెట్టేవాడిని. పక్క వీధి మెకానిక్ దాన్ని తిప్పి తిప్పి విసిగిపోయి చేతులెత్తేసేవాడు. మనిషి తిరిగి నా దగ్గరికే వచ్చేవాడు. సోల్డరింగ్ ఐరన్, అంటే టంకం పెట్టే వేడి పుల్ల, దాని మొన స్క్రూ తలకి ఆనిస్తే గమ్ము మెత్తబడుతుంది. ఆ కిటుకు ఊరు మొత్తానికీ నాకొక్కడికే తెలుసని నా ధీమా.

రెడ్డెప్పన్న తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపేవాడు. ఆయన కూతురి రిమోట్ కారుకి అంతకు రెండు వారాల ముందే నేను కొత్త ప్యాక్ కట్టి ఇచ్చాను. ప్యాక్ అంటే ఛార్జ్ చేసుకునే సెల్స్ ఆరింటిని వరసగా అతికించి, పైన ప్లాస్టిక్ తొడుగు వేసిన కట్ట. అలవాటు కొద్దీ దాని మూతకీ గమ్ము చుక్క పడింది.

ఆరోజు పొద్దున నేను ఇంకా బల్ల తుడుచుకుంటున్నాను. రెడ్డెప్పన్న ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. కారుని తడి తువ్వాలులో చుట్టి రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"శెట్టీ, సూడబ్బా దీన్ని. రాత్రి ఛార్జింగ్ పెట్టి మరిచిపోయినాం. తెల్లారి సూస్తే కాల్తా ఉండాది. వైరు పీకేసినా సల్లబడలా, ఇంకా ఎక్కువైతా ఉండాది."

ఏ పనికైనా ముందు పెదవి విరవడం మా ఇంటి విద్య. తువ్వాలు విప్పకుండానే అన్నాను: "చానా కష్టమన్నా. ఖర్చయితాది."

"ముట్టుకోకుండానే యెట్ల తెలిసెనప్పా నీకు? ముందు ముట్టుకో."

ముట్టుకున్నాను. వెంటనే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. లోపల ఏదో ఒక సెల్ షార్ట్ అయి, ఛార్జింగ్ లేకుండానే తనంతట తాను కాగుతోంది. మూత మధ్యలో ఉబ్బింది. కాలిన ప్లాస్టిక్ వాసన వస్తోంది. అలాంటి సెల్ పగిలితే లోపలి ద్రవం చిమ్ముతుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు.

ఈరోజైతే కారుని ఉన్నదున్నట్టే తీసుకెళ్లి ఇసుకలో పెట్టి దూరంగా నిలబడేవాడిని. ఆరోజు నా బుర్రలో ఒకటే తిరుగుతోంది: ఇది పగిలితే, ఎవరైనా ఆ స్క్రూ చూస్తే, నా గమ్ము సంగతి బయటపడుతుంది.

స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పాను. కదలలేదు. బలంగా నొక్కి తిప్పాను. గర్రుమని జారింది. స్క్రూ తలలో ఉండే ప్లస్ గాడి అరిగి గిన్నెలా నున్నగా అయిపోయింది. ఇక దానికి ఏ స్క్రూడ్రైవరూ పట్టదు. డ్రిల్లు పెడదామంటే మొన నేరుగా సెల్ లోకి దిగుతుంది. ఐరన్ పెట్టాలంటే, కాగుతున్నదాని పక్కనే ఇంకా వేడి పెట్టాలి. నా గొప్ప కిటుకు నా మెడకే చుట్టుకుంది.

లోపలినుంచి సన్నగా ఉస్సుమని శబ్దం మొదలైంది. రెడ్డెప్పన్న కారుని గట్టిగా అదిమిపట్టి, ఏమవుతుందోనని మొహం దగ్గరికి వంచాడు.

"మొహం తియ్యన్నా! కండ్లు!"

ఆయన తల వెనక్కి తీశాడు గానీ చేతులు వదల్లేదు. "కంటికేమన్నా అయితే రేపట్నుంచి స్టీరింగు ముట్టనీరు నన్ను. తొందరగా ఇప్పు."

స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాను. ఒకరోజులో ఎన్ని వందలమందిని ఆ మలుపుల్లో దింపుకొచ్చే కళ్లు అవి!

"అన్నా... ఆ స్క్రూకి గమ్ము పెట్టింది నేనే. వేరే అంగడికి పోకూడదని. అందుకే రాలేదు."

ఆయన నా మొహంలోకి చూశాడు. కొడతాడనుకున్నాను.

"ఘాట్‌లో బ్రేకు పట్టకపోతే ఎవురు చెడిపినారని ఆడనే విచారిస్తామా అప్పా? ముందు బండి నిలపాల," అన్నాడు. "బస్సు తలుపు ఇరుక్కుంటే ఏం జేస్తాం? అద్దం పగలగొడతాం. నువ్వేంది, తాళాన్నే పట్టుకోని ఏలాడతా ఉండావు?"

నిజమే. మూత ఉత్త ప్లాస్టిక్. స్క్రూ మీద ధ్యాసలో ఆ మూత నా కళ్లకే కనబడలేదు. కటింగ్ ప్లయర్‌తో స్క్రూ లేని అంచు పట్టి విరిచాను. పెళ్లుమని ఊడింది. వైర్లు ఒక్కొక్కటిగా తెంపి, ప్యాక్‌ని పట్టకారుతో లాగి, బయట పక్కింటివాళ్లు కట్టడానికి పోసుకున్న ఇసుక కుప్పలోకి విసిరాను. ఇద్దరం అంగడిలోకి పరుగెత్తి బల్ల వెనక కూర్చున్నాం. కాసేపటికి ఇసుకలో టప్‌మని శబ్దం వచ్చింది. ఇసుక ఎగిరి మెట్ల మీద పడింది. ఇద్దరిలో ఎవరమూ చాలాసేపు లేవలేదు.

అన్నీ చల్లబడ్డాక, కారులో మిగిలిన ఆ స్క్రూ తల మీద రంపం బ్లేడుతో అడ్డంగా ఒక గాడి కోశాను. ఐరన్ మొన ఆనించి పది లెక్కపెట్టాను. చదును స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే కీచుమంటూ వచ్చింది. ఇంత చేసిన ఆ స్క్రూ గోరంత కూడా లేదు.

"ఎంతప్పా?" అన్నాడు రెడ్డెప్పన్న. నా జీవితంలో ధర నోటికి రాని రోజు అదొక్కటే. కొత్త ప్యాక్, కొత్త మూత నేనే వేసిస్తానన్నాను.

"గమ్ము మాత్రం పెట్టొద్దు శెట్టీ. పెట్టకపోయినా నీ దగ్గరికే వస్తాలే."

గమ్ము ట్యూబుని ఆ సాయంత్రమే పారేశాను. అప్పట్నుంచి ఏ మూతైనా రెండు వేళ్ల బలంతోనే బిగించాను. లోపల కాగుతున్నప్పుడు ఎవరి చేతిలో ఉన్నా తెరుచుకోవాలి. నేను నేర్చుకున్నది అదొక్కటే, నేర్చుకున్న తీరుకి మాత్రం ఇప్పటికీ సిగ్గే.

ఏడాది తర్వాత ఆ కారు మళ్లీ వచ్చింది. స్క్రూ తల మీద నాది కాని గీత ఒకటి కనబడింది. ఎవరో విప్పారు.

"ఆ పొద్దు నీ అంగడి మూసుండె. మళ్లీ వేడెక్కతా ఉంటే పక్క వీధిలో ఇప్పించినా," అన్నాడు రెడ్డెప్పన్న, తప్పు చేసినవాడిలా. "ఊరికే తిప్పంగానే వచ్చేసిందప్పా."

వేరేవాడి చెయ్యి పడ్డ పనిని చూసి నేను సంతోషించడం అదే మొదలు.