గ్లెనిస్ ఎక్కడ బండెక్కింది?

హాన్మర్ ఊరికి లోకమంతా వేడినీళ్ల కొలనుల కోసం వస్తే, నడకవాళ్లు మాత్రం ముందు బట్టలుతుక్కోవడానికి వస్తారు. కొండల్లో రోజుల తరబడి నడిచొచ్చి, ఉన్న రెండు జతలూ మెషిన్లో పడేస్తే ఒంటిమీద మిగిలేది వానకోటే. కాబట్టి ఎండ ఫెళ్లున కాస్తున్నా సరే, వానకోటూ వానపంట్లామూ తొడుక్కుని బేకరీ ముందు నిలబడి మాంసం కూరిన రొట్టె కొరుక్కుతినే మనిషి కనబడితే ఆ ఊళ్లో ఎవరూ వింతగా చూడరు. పాపం, ఇవాళ విశ్రాంతి రోజు కాబోలు అనుకుని పోతారు.

ఆవేళ అలా తిరుగుతున్న మనిషి గ్లెనిస్. అరవై దాటింది. న్యూజిలాండ్ ఉత్తరపు కొసన బయల్దేరి దక్షిణపు కొసదాకా నడిచిపోదామని వచ్చింది. ఇప్పటికి సగం పైనే అయింది. అయితే విశ్రాంతి రోజన్న మాటేగానీ ఆవిడకి కుదురు లేదు. కాలి బొటనవేలి గోరు ఊడిపోయి కుంటుతోంది, అయినా ఆగడం లేదు.

"ఆంటీ, మీ సాక్సొకటి తగ్గింది. ఆరెంజిది." బస నడిపే మేరెయానా ఉతికిన బట్టలు మడతపెడుతూ కేకేసింది.

"సాక్సు పోతే పీడాపోయె. నిన్న నేనెక్కడ బండెక్కానో చెప్పు తల్లీ!"

"నేనెలా చెప్తాను? నిన్నంతా ఇక్కడ దుప్పట్లు ఉతుకుతూ చచ్చాను."

సంగతేమిటంటే, నడకదారి కొండ దిగాక కొంతమేర తారురోడ్డు వెంట పోతుంది. ఆ తర్వాత కార్లు ఆపుకునే ఖాళీస్థలం ఒకటుంది, అక్కడ మళ్లీ అడవిలో దూరుతుంది. మధ్యలో ఉన్న ఆ రోడ్డంటే ఎవరికీ పడదు. మలుపులూ, రయ్యిమని పోయే పాల ట్యాంకర్లూ. చాలామంది బొటనవేలు చూపించి ఏదో బండెక్కి దాటేస్తారు. గ్లెనిస్ అలాంటిది కాదు. ఊళ్లోకి బండెక్కినా, ఎక్కిన చోటే మర్నాడు మళ్లీ దిగి అక్కణ్నుంచే అడుగు వేసేది. ఇన్నాళ్లూ తప్పలేదు. నిన్న మాత్రం వాన. టోపీ కళ్లమీదికి లాక్కుని, బూట్లు చూసుకుంటూ, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచి నడుస్తూ పోయింది. ఎప్పుడో ఒక బండి ఆగింది, ఎక్కింది. వెచ్చగా ఉంది, తేనె వాసన వేసింది, ఒళ్లోకి ఒక కుక్క ఎక్కింది. అంతే గుర్తు. ఆ రోడ్డు మొదట్లోనా, నడిమధ్యనా, చివర్నా? చెట్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి, వాన అన్నిచోట్లా ఒక్కలాగే పడింది.

బేకరీ బల్ల దగ్గర బేసిల్ కూర్చున్నాడు. ఆస్ట్రేలియావాడు, కొండల్లో వెనకా ముందూగా ఈవిడతోనే నడుస్తున్నాడు. రోడ్డు కనబడితే చాలు బండెక్కేస్తాడు.

"ఏం గ్లెనిస్, దొరికిందా పోయిన రోడ్డు?"

"నవ్వు నవ్వు. నీ నడకంతా చిల్లుల జల్లెడ."

"అయితేనేం, నా కాళ్లకి పది గోళ్లున్నాయి. ఓ రోడ్డుముక్క వదిలేస్తే ఎవడడుగుతాడు చెప్పు?"

ఎవడూ అడగడు. అదే ఆవిడకి గుచ్చుకుంది. పంతొమ్మిదో ఏట నుంచీ గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ల ముఠాకి వంటమనిషి ఆవిడ. తెల్లారకముందు పొయ్యి, పదింటికి స్కోన్లనే తీపి రొట్టెలు, మధ్యాహ్నం మటన్, మళ్లీ టీ, మళ్లీ రాత్రి భోజనం. బల్లమీద పెట్టడం ఆలస్యం, ఊడ్చినట్టు తినేసి లేచిపోయేవాళ్లు. బావుందన్నవాళ్లూ ఉన్నారు, లేదనడం ఎందుకు. కానీ మర్నాడు పొద్దున్నకి గిన్నెలు ఖాళీ. జీవితమంతా చేసిందాంట్లో ఇదీ నేను చేసిందని చూపించడానికి ఒక్క ముక్కయినా మిగల్లేదు. ఈ నడక అలా కాదు. ఒక కొస నుంచి ఇంకో కొసకి తెగకుండా ఒకటే గీత. దీన్నెవడూ తినలేడు. మరి మధ్యలో సందుంటే అది గీత ఎలా అవుతుంది?

"తేనె వాసనొచ్చిందంటున్నారుగా, అది డెస్ బండే అయ్యుంటుంది. తేనెటీగలు పెంచుతాడు. ఈ టైముకి కొలన్లో నానుతుంటాడు చూడండి," అంది మేరెయానా, ఆవిడ బసకి తిరిగొచ్చేసరికి.

గ్లెనిస్ కుంటుకుంటూనే పరుగెత్తింది. డెస్ మెడదాకా వేడినీళ్లలో మునిగి కళ్లు మూసుకుని ఉన్నాడు. గట్టుమీద వానకోటులో నిలబడ్డ ఈవిణ్ని చూసి పక్కవాళ్లు వాన వస్తుందేమోనని పైకి చూశారు.

"నిన్న నన్నెక్కడెక్కించుకున్నారండీ?"

"ఓ, నువ్వా! వంతెన దగ్గరే కదమ్మా."

"ఏ వంతెన?"

"అదే, ఇరుకుది."

"రెండూ ఇరుకువేగా!"

"అవునా? పోనీ, నా తేనెపెట్టెలు దాటాక."

"పెట్టెలెక్కడున్నాయి?"

"ఆ రోడ్డుమీద మూడు చోట్ల ఉన్నాయి." డెస్ గడ్డం గోక్కున్నాడు. "నాకు బాగా గుర్తున్నది ఒకటే. ఎక్కుతూనే గుర్రుపెట్టి నిద్రపోయి, ఆ నిద్దట్లోనే స్కోన్లు మాడిపోతున్నాయి, దింపండి దింపండి అని అరిచావు. మా కుక్క కూడా బెదిరిపోయింది."

గ్లెనిస్ తల మరీ తిరిగిపోయింది. మొదటి వంతెన అయితే చాలా నడవాలి, రెండోది అయితే కొంచెమే. అసలు రెండూ కాకపోతే? బసకొచ్చి మంచమ్మీద కూలబడింది.

"మొదట్నుంచీ నడిచెయ్యండి ఆంటీ, గొడవే వదిలిపోతుంది," అంది మేరెయానా.

"ఈ వేలితోనా? అదీగాక నిన్ననే మొత్తం నడిచేసి ఉంటే? నడిచిన రోడ్డే మళ్లీ నడిచే పిచ్చిది ఉంటుందా ఎక్కడైనా?"

"ఉంటే ఒకటుంటుంది, వానకోటేసుకుని." మేరెయానా నవ్వుతూ ఆ ఒంటి ఆరెంజి సాక్సుని ఆవిడ ఒళ్లోకి విసిరింది.

మర్నాడు పొద్దున డెస్ పెట్టెలు చూసుకోవడానికి పోతూ ఆవిణ్ని రోడ్డు మొదట్లో, దారి కొండ దిగిన చోటే దింపాడు. బొటనవేలికి దూది చుట్టుకుని బయల్దేరింది. ప్రతి మలుపూ చూసినట్టే ఉంది, ఏ మలుపూ చూసినట్టు లేదు. మొదటి వంతెన దగ్గర ఆగింది. ఇక్కడేనా? కాదేమో. తేనెపెట్టెలు కనబడ్డాయి. ఇవా? ట్యాంకరొకటి మొహాన గాలి కొట్టి దూసుకుపోయింది. రెండో వంతెన మీద ఇనప కడ్డీ చూస్తే నిన్నగాక మొన్న పట్టుకున్నట్టే అనిపించింది. చలికి చెయ్యి అంటుకుపోవడం కూడా గుర్తొచ్చింది. కాసేపటికి, అది ఇంకో నది మీది ఇంకో వంతెనేమో అనిపించింది.

మధ్యాహ్నానికి కుంటుకుంటూ ఆ కార్ల ఖాళీస్థలం చేరింది. అడవిలోకి దారి చూపించే బోర్డు పక్కన గుంజకి ఆరెంజిరంగు సాక్సు తొడిగి ఉంది. తనదే. మడమ దగ్గర తను వేసుకున్న నీలం కుట్టు కూడా ఉంది.

గ్లెనిస్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మొన్న సంచీకి వేలాడేసిన సాక్సు. ఇక్కడ జారిపడిందంటే ఇక్కడిదాకా తను నడిచినట్టే. ఇవాళ్టి రోడ్డంతా రెండోసారన్నమాట. లేదూ, దారిలో పడిపోతే ఏ నడకవాడో ఏరి, పోగొట్టుకున్న మనిషి ఎలాగూ ఇటే వస్తుంది కదా అని ఇక్కడిదాకా మోసుకొచ్చి తొడిగాడేమో. వాళ్లలో అది మామూలే. తను మాత్రం ఎన్ని చేతి తొడుగులు, ఎన్ని టోపీలు అలా మొయ్యలేదూ?

ఇంతలో ఒక కారు ఆగింది. బేసిల్ దిగాడు.

"చూడు చూడు! ఏం మహాతల్లీ, నడిచేశావా రోడ్డంతా?"

"ఆఁ."

"నిజం చెప్పు. మొత్తం?"

గ్లెనిస్ బూటు విప్పి, గుంజ మీది తడి సాక్సు తీసి పిండి, ఊడిన గోరు మీదుగా జాగ్రత్తగా లాక్కుంది.

"ఒకసారో, రెండుసార్లో. అదే తేలట్లేదు," అంది లేచి సంచీ భుజానికెత్తుకుంటూ. "ఒకసారి మాత్రం ఖాయం."