పెన్నుల డబ్బా ఎటువైపు?

ఆ అట్టపెట్టెల కంపెనీలో ఆమె ఉద్యోగం పేరు రిసెప్షనిస్టు. అసలు చేసే పని వేరు. అందుకే ఆఫీసులో అందరూ ఆమెను వాతావరణం అక్క అనేవారు.

మేనేజరు కారు దిగి తలుపు వేసే చప్పుడు ముందు వినిపించేది. తరవాత మెట్ల మీద అడుగులు, ఆ తరవాత అద్దాల తలుపులోంచి మొహం. అంతే, ఆయన కడుపులో ఏముందో ఆమెకు తెలిసిపోయేది. బల్ల మీది పెన్నుల డబ్బాను ఫోనుకు కుడివైపు పెడితే ఆయన గదిలోకి వెళ్ళొచ్చు. ఎడమవైపు పెడితే ప్రాణం మీద తీపి ఉన్నవాడెవడూ వెళ్ళకూడదు. నీళ్ళు తాగే వంకతో ఒక్కొక్కరూ వచ్చి డబ్బా చూసుకుని పోయేవారు. ఆ ఆఫీసులో అంతమందికి అంత దాహం ఎందుకో ఆయనకు ఏనాడూ అనుమానం రాలేదు.

ఆయన దుర్మార్గుడేం కాదు. కాకపోతే చెడ్డ కబురు తెచ్చినవాణ్ణే ఆ చెడు చేసినవాడిలా చూసేవాడు. పైగా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అందుకని సెలవులూ, జీతాల పెంపూ, పాడైన మిషన్లూ అన్నీ కుడివైపు రోజు కోసం కాచుకుని కూర్చునేవి.

ఆమెకూ ఒక దరఖాస్తు ఉంది. ఊరి చివరి గోడౌను ఆఫీసుకు బదిలీ కావాలని. అక్కణ్ణించి ఇంటికి నడిచి వెళ్ళిపోవచ్చు. ఇప్పుడైతే రెండు బస్సులు మారి ఇల్లు చేరేసరికి కూతురు పక్కింట్లో అన్నం తిని నిద్రపోయి ఉంటుంది. మొగుడిది రాత్రి డ్యూటీ. ఒకరోజు నిద్రలో ఉన్న పిల్లను భుజాన వేసుకోబోతే, అది కళ్ళు తెరవకుండానే పక్కింటావిడ చెయ్యి పట్టుకుని "అమ్మా, నేన్రాను" అంది. పక్కింటావిడ నవ్వేసింది. ఆమెకు నవ్వు రాలేదు.

మర్నాడే దరఖాస్తు రాసింది. కానీ అందరికీ ముహూర్తాలు పెట్టే మనిషికి తన ముహూర్తం మాత్రం కుదరలేదు. కుడివైపు రోజు వస్తే ముందు వాళ్ళందరినీ పంపేది. వాళ్ళ పనులు అయ్యేసరికి ఆయన మొహం మారిపోయేది. నువ్వెళ్ళిపోతే మా గతేంటని స్టోర్‌కీపరు తరచూ అడిగేవాడు. ప్రేమగానే అడిగేవాడు. ఆ ప్రేమే ఆమె కాళ్ళకు బంధం.

ఒకసారి గమ్ము మిషను సరిగ్గా వేడెక్కడం మానేసింది. ఆపరేటరుకు తెలుసు, సూపర్వైజరుకు తెలుసు, స్టోర్‌కీపరుకు తెలుసు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి? ఆ వారమంతా డబ్బా ఎడమవైపే ఉంది. పెట్టెలేమో తుమ్మితే ఊడిపోయే ముక్కుల్లా తయారై లారీలెక్కి వెళ్ళాయి, విడిపోయి తిరిగొచ్చాయి. నాకెవరూ ఎందుకు చెప్పలేదని మేనేజరు ఆఫీసు మధ్యలో నిలబడి అరిచాడు. జవాబు ఆయన కళ్ళముందే, ఫోను పక్కనే ఉంది. అప్పుడు కూడా ఎవరూ చెప్పలేదు. పైవాళ్ళు ఆయన్ని పంపించేశారు.

కొత్తగా వచ్చిన మేనేజరు మెత్తని మనిషి. తలుపు తెరిచే ఉంచాడు, ఎవరైనా ఎప్పుడైనా రావచ్చన్నాడు. హమ్మయ్య అనుకుని ఆమె డబ్బాను సొరుగులో పడేసింది. మధ్యాహ్నానికల్లా ఆఫీసంతా దాహంతో బల్ల చుట్టూ తిరగసాగింది. చివరికి స్టోర్‌కీపరే సొరుగు లాగి డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"తలుపు తెరిచుంటే ఇంకా భయమేస్తోందక్కా. ఎటోవైపు పెట్టు."

ఆమెకు ఒళ్ళు మండింది. డబ్బాను కుడివైపు ఠక్కున పెట్టి, దరఖాస్తు తీసుకుని మొట్టమొదట తనే లోపలికి వెళ్ళింది.

కొత్తాయన కూర్చోమన్నాడు. దరఖాస్తు మొత్తం చదివాడు. పాప వయసెంతని అడిగాడు. తనను ఆ మాట అడిగిన మొదటి పై అధికారి ఆయనే. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. తరవాత ఆయన కాగితాన్ని నెమ్మదిగా మడిచి ఆమె వైపు జరిపాడు.

"మనిషిని చూడగానే మనసులో ఏముందో చెప్పేస్తారటగా మీరు. ఇక్కడ నాతో ఎవరూ నోరు విప్పడం లేదమ్మా. రోజూ పొద్దున్నే వచ్చి వాళ్ళ సంగతి కాస్త చెబుతుండండి. మీరు లేకపోతే నాకు కష్టం. బదిలీ గురించి వచ్చే ఏడాది చూద్దాం."

అరిచే మనిషి నుంచి ఎలా తప్పుకోవాలో ఆమెకు బాగా తెలుసు. ఇంత మర్యాదగా అడిగే మనిషి నుంచి ఎలా తప్పుకోవాలో ఎవరూ నేర్పలేదు. లోపల ఈయన, బయట వాళ్ళు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. సరేనండీ అని లేచింది.

బయటికి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. స్టోర్‌కీపరు అప్పటికే ఒక చేత్తో ఫైలు, ఒక చేత్తో గ్లాసు పట్టుకుని నీళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె డబ్బాను ఎత్తి ఎడమవైపు పెట్టింది.

లోపల కొత్తాయన ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. తెరిచిన తలుపులోంచి ఆ నవ్వు అందరికీ కనిపిస్తూనే ఉంది. అయినా స్టోర్‌కీపరు గ్లాసు దించి, ఫైలుతో వెనక్కి వెళ్ళిపోయాడు. అతని వెనకే మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు. ఆ వేళ బాగోలేనిది ఎవరి మనసని ఒక్కరూ అడగలేదు.